నలుపుకు కాపలా

ఎండలో పనిచేసే ఒంటికి రంగే రక్ష. ఆ రంగును తయారుచేసే కణం మాత్రం తన పనిలో పుట్టే విషంతో అనుక్షణం తలపడుతూ ఉంటుంది. దానికి తోడు నిలిచే ఎంజైములు అలసిపోయినప్పుడు ఏమవుతుంది? గుంటూరు, ప్రకాశం నేలల మీద నిలబడి చర్మంలోకి ఒక చూపు.

గుంటూరు మిర్చి యార్డులో ముందు రేటు పలికేది రంగుకే. ఘాటు తర్వాతి సంగతి. కొనేవాడు టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి అరచేతిలో పరుచుకుంటాడు. ఎరుపు నిండుగా ఉంటే ఒక మాట, మధ్యలో తెల్లకాయ తగిలితే ఇంకో మాట. ఆ తెల్లకాయకు ఇక్కడ తాలు అని పేరు. తాలు ఏరి వేరే కుప్ప పోయడానికే ఆడకూలీలు కల్లాల్లో రోజుల తరబడి కూర్చుంటారు. ఒకే తోట, ఒకే విత్తనం, ఒకే పెట్టుబడి. అయినా తాలుకు పలికే ధర వింటే రైతు ముఖం మాడిపోతుంది.

కాయ ఎందుకు తాలవుతుందో చెప్పడానికి రైతుకు శాస్త్రవేత్త అక్కర్లేదు. కల్లంలో కురిసిన మంచు, అకాల వాన, కాయకుళ్లు, మాడ్చేసే ఎండ. కొంత కాయ చెట్టు మీదే పాడవుతుంది. మిగతాది కోసిన తర్వాత రంగు పోగొట్టుకుంటుంది. పండు మిరప ఎరుపుకు మూలం క్యాప్సాంథిన్ అనే కెరొటినాయిడ్. వెలుతురు, వేడి, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిస్తే అది విరిగిపోతుంది. విరిగితే రంగు లేదు. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలవడానికి ధర కోసం ఎదురుచూడటం ఒక కారణమైతే, రంగు నిలుపుకోవడం ఇంకో కారణం. అమెరికాలో మిరపపొడి ఎరుపు వెలిసిపోకుండా ఎథాక్సీక్విన్ అనే యాంటీఆక్సిడెంట్‌ను కొద్ది మోతాదులో కలపడానికి అక్కడి ప్రభుత్వమే అనుమతిచ్చింది.

ఆక్సిజన్ లేనిదే బతుకు లేదు. అదే ఆక్సిజన్ రంగును తినేస్తుంది కూడా. కాయలో జరిగే ఆ సంగతి, కాస్త మార్పుతో, కాయ కోసిన మనిషి చర్మంలోనూ జరుగుతుంది. తేడా ఏమిటంటే కోసిన కాయకు ఇక ఎదురు నిలిచే శక్తి లేదు. చర్మానికి ఉంది.

రంగు పుట్టే చోటు

చర్మం పైపొరకు అడుగున, ఒక దాని పక్కన ఒకటిగా పేర్చుకున్న కణాల మధ్య అక్కడక్కడా కొమ్మలు చాచిన కణాలు ఉంటాయి. వాటిని మెలనోసైట్లు అంటారు. ఒక్కో మెలనోసైట్ తన కొమ్మల చివరల నుంచి చుట్టూ ఉన్న సుమారు 36 చర్మకణాలకు రంగు పంచుతుంది. ఆ రంగు పేరు మెలనిన్. మెలనోసోములనే చిన్న తిత్తుల్లో దాన్ని తయారుచేసి, తిత్తితో సహా పక్క కణానికి అప్పగిస్తుంది. అందుకున్న కణం ఆ తిత్తులను తన కేంద్రకానికి ఎండ పడే వైపున గొడుగు పట్టినట్టు పట్టుకుంటుంది. కింద ఉన్న డీఎన్‌ఏ మీద అతినీలలోహిత కిరణాలు నేరుగా పడకుండా చేసుకున్న ఏర్పాటు ఇది.

నల్లగా ఉన్నవాళ్లకు ఈ కణాలు ఎక్కువనీ, తెల్లగా ఉన్నవాళ్లకు తక్కువనీ చాలామంది అనుకుంటారు. నిజానికి లెక్క అందరిలో ఇంచుమించు ఒకటే. తేడా అంతా తయారయ్యే మెలనిన్ మోతాదులో, రకంలో, తిత్తుల పరిమాణంలో, అవి ఎంతకాలం చెక్కుచెదరకుండా ఉంటాయనే దాంట్లో ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక పరిశోధన 2013లో వెలువడింది. దక్షిణ భారతీయుల చర్మం రంగును కొలిచి జన్యువులతో సరిపోల్చి చూస్తే, మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో నాలుగో వంతుకు పైగా ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే ఒక్క జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు వల్లేనని తేలింది. పెళ్లిచూపుల్లో అంత చర్చకు దారితీసే విషయంలో ఒక్క అక్షరానికి అంత వాటా.

ఇక తయారీ దగ్గరికి వద్దాం. కథలో ముడి ఉన్నది ఇక్కడే. పప్పులోనో గుడ్డులోనో తిన్న ప్రొటీను నుంచి వచ్చే టైరొసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి ముడిసరుకు. రాగి పరమాణువులు ఇముడ్చుకున్న టైరొసినేజ్ అనే ఎంజైము దాన్ని డోపాగా, డోపాను డోపాక్వినోన్‌గా మారుస్తుంది. అక్కడి నుంచి ఒకటొకటిగా మారుతూ చివరికి మెలనిన్ అవుతుంది. దారిలో పుట్టే క్వినోన్లు ఊరికే ఉండవు. తగిలిన ప్రొటీనునల్లా పట్టుకుంటాయి. పక్క సరుకుగా హైడ్రోజన్ పెరాక్సైడ్, సూపరాక్సైడ్ కూడా పుడతాయి. ఈ వ్యవహారమంతా తిత్తి గోడల లోపల సాగుతుంది కాబట్టి కణం చాలావరకు బతికిపోతుంది. కానీ పెరాక్సైడ్‌కు గోడలు పెద్ద అడ్డు కావు. అది నీళ్లలాగే పొరలు దాటి పోతుంది.

అంటే మెలనోసైట్ పరిస్థితి ఇది. ఎండ ముదిరితే రంగు ఎక్కువ తయారుచేయాలి. రంగు ఎక్కువ తయారైతే పెరాక్సైడ్ ఎక్కువ పుడుతుంది. ఆ పైన అతినీలలోహిత కిరణాలు తామే ఇంకొంత పుట్టిస్తాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు తమ వంతు కలుపుతాయి. రోహిణి కార్తెలో రెంటచింతల పేరు పేపరెక్కని ఏడాది ఉండదు. ఆ ఎండలో చేలో నిలబడ్డ మనిషి చర్మం కింద ఈ మూడూ ఒకేసారి జరుగుతుంటాయి. ఇలా పుట్టేది ఎక్కువై, తీసేసేది తక్కువైన స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు.

ముగ్గురు కావలివాళ్లు

తీసేసే పని ప్రధానంగా మూడు ఎంజైములది. మొదటిది సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. దీని చరిత్ర వింతగా ఉంటుంది. రాగి ఉన్న ఒక ప్రొటీనును 1938లోనే పశువుల రక్తం నుంచి వేరుచేశారు. అది ఏం పని చేస్తుందో మాత్రం ముప్పై ఏళ్లపాటు ఎవరికీ అంతుబట్టలేదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ దాని పనిని పట్టుకున్నారు. సూపరాక్సైడ్‌ను పట్టి పెరాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా మార్చడమే ఆ పని. శరీరం లోపల ఆక్సిజన్ నిత్యం హాని చేస్తుందనీ, దానికి విరుగుడు పుట్టుకతోనే మనలో ఉందనీ జీవశాస్త్రం గట్టిగా నమ్మడం మొదలైంది అప్పుడే.

మొదటివాడు చేసిన పని సగమే. సూపరాక్సైడ్ పోయింది కానీ పెరాక్సైడ్ మిగిలింది. దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేది కెటలేజ్. నడుమ ఇనుము ఉన్న ఈ ఎంజైము ఒక్కో అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువులను విరిచేస్తుంది. మూడోది గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్. దీనికి సెలీనియం కావాలి. పెరాక్సైడ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు ఇది చూసుకుంటుంది, పోటెత్తినప్పుడు కెటలేజ్ దిగుతుంది. వీళ్లందరినీ అవసరాన్ని బట్టి పెంచమని జన్యువులకు ఆజ్ఞ ఇచ్చేది ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మరో ప్రొటీను.

కెటలేజ్ పని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది. ఆ నురగలోని ఆక్సిజన్‌ను విడిపించింది మన రక్తంలోని కెటలేజే. 1946లో జపాన్‌లోని ఒకయామాలో షిగెఓ తకహార అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఒక బాలికకు నోటి పుండు శుభ్రం చేస్తూ ఎప్పటిలాగే పెరాక్సైడ్ పోశాడు. నురగ రాలేదు. రక్తం గోధుమ రంగులోకి, ఆపై నలుపులోకి తిరిగింది. ఇంకొకరైతే మందు పాతబడిందనుకుని సీసా మార్చేవారేమో. ఆయన ఆగి ఆలోచించాడు. పుట్టుకతోనే కెటలేజ్ లేని మనుషులు ఉంటారని లోకానికి అలా తెలిసింది.

పత్తి వ్యాపారానికీ ఈ ఎంజైముతో చుట్టరికం ఉంది. గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల నుంచి వెళ్లిన దూది నూలై, గుడ్డయ్యాక దాన్ని తెల్లబరిచేది ఎక్కువగా హైడ్రోజన్ పెరాక్సైడే. తెల్లబడ్డ గుడ్డలో పెరాక్సైడ్ ఏమాత్రం మిగిలినా తర్వాత వేసే అద్దకం రంగు సరిగా పట్టదు. ఒకప్పుడు అది పోయేదాకా నీళ్లలో జాడించేవాళ్లు. ఇప్పుడు చాలా మిల్లుల్లో కొద్దిగా కెటలేజ్ కలుపుతున్నారు. గుడ్డలో పెరాక్సైడ్ ఉంటే రంగు నిలవదన్న సూత్రం అద్దకం పనివాడికి రోజూ కనిపించేదే.

మిరపకాయ సంగతీ అంతే. స్పెయిన్‌లోని గ్రనడాలో ఒక పరిశోధక బృందం ఏళ్ల తరబడి మిరప జాతి కాయల మీదే పనిచేస్తోంది. కాయ పచ్చన నుంచి ఎరుపుకు తిరిగేటప్పుడు దాని కణాల్లో కెటలేజ్, డిస్మ్యుటేజ్ ఎలా మారతాయో చూడటమే వాళ్ల పని. చెట్టున ఉన్నంతకాలం కాయకూ ఈ కావలి ఉంది. పచ్చి మిరపలో యాంటీఆక్సిడెంటైన సి విటమిన్ కూడా దండిగా ఉంటుందని మనకు తెలిసిందే. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్‌జార్జి సెగెడ్ పట్టణంలో ఆ విటమిన్‌ను కిలోల లెక్కన తీసింది అక్కడి పప్రికా కాయల నుంచే. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది.

పెరాక్సైడ్ గెలిచిన చోట

బొల్లి అన్న మాట మన ఊళ్లలో గొంతు తగ్గించి పలుకుతారు. తెల్లమచ్చలని కొందరు, పొడలని కొందరు దాటేస్తారు. వైద్యులు విటిలిగో అంటారు. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి ఉంటుందని అంచనా. ఏ జాతికైనా, ఏ రంగుకైనా వస్తుంది. నల్లని ఒంటి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి మనకు బాధ ఎక్కువ.

మచ్చ పడ్డ చోట మెలనోసైట్లు ఉండవు. అవి ఎటు పోయాయన్న ప్రశ్నకు 1991లో కొత్త దారి దొరికింది. జర్మన్ చర్మవైద్యురాలు కారిన్ షాల్‌రాయ్‌టర్, ఆమె సహచరులు బొల్లి ఉన్నవాళ్ల చర్మం పైపొరలో కెటలేజ్ తక్కువగా ఉందని చూపించారు. మచ్చ పడ్డ చోటే కాదు, మామూలుగా కనిపిస్తున్న చోట కూడా తక్కువే. తర్వాత ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఈ బృందమే లేజరు కాంతితో బతికున్న చర్మాన్నే పరీక్షించి, అందులో పెరాక్సైడ్ మామూలు కంటే ఎన్నో రెట్లు పేరుకుందని నమోదు చేశారు. ఇక్కడొక విషవలయం ఉంది. పెరాక్సైడ్ ఒక హద్దు దాటితే దాన్ని విరిచే కెటలేజ్‌నే పాడుచేస్తుంది. కావలి బలహీనపడితే దొంగ పెరుగుతాడు. దొంగ పెరిగితే కావలి ఇంకా బలహీనపడుతుంది. మన దేశంలోనూ బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం వాళ్లు గుజరాత్ రోగుల రక్తంలో ఈ ఎంజైముల లెక్కలు ఏళ్లుగా తీస్తున్నారు.

అయితే ఒత్తిడితోనే కథ ముగిస్తే సగమే చెప్పినట్టు. ఒత్తిడికి గురైన మెలనోసైట్ ఆపద సంకేతాలు వదులుతుంది. వాటిని విని రోగనిరోధక వ్యవస్థ మేలుకుంటుంది. సీడీ8 టీ కణాలు వచ్చి, ఆపదలో ఉన్న కణాన్ని కాపాడటానికి బదులు శత్రువనుకుని చంపేస్తాయి. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా ఇంకొన్ని టీ కణాలను పిలుస్తుంది. మచ్చ అంచు అలా జరుగుతూ పోతుంది. మొదట నిప్పు అంటించింది పెరాక్సైడా, లేక వంశంలో వచ్చిన జన్యువులు ముందే గడ్డి పరిచి ఉంచాయా అని ఇద్దరు పరిశోధకులను అడిగితే రెండు వాదనలు వినిపిస్తాయి. నా మటుకు నాకు రెండూ కావాల్సిందేననిపిస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే ఎండలో పెరిగిన అక్కకు వచ్చి చెల్లికి రాకపోవడానికి వేరే లెక్క కుదరదు.

ఇదే లెక్క తలవెంట్రుకలకూ వర్తిస్తుంది. 2009లో అదే బ్రాడ్‌ఫర్డ్ బృందం తెల్లవెంట్రుక మొదట్లో పెరాక్సైడ్ పేరుకుందనీ, కెటలేజ్ తగ్గిందనీ చూపించింది. పార్లర్లో జుట్టు రంగు తీసేయడానికి వాడేది పెరాక్సైడే కదా. వయసు మీద పడ్డాక కుదుళ్లు ఆ పని ఉచితంగా చేసిపెడతాయి.

ఎండ, మందు, చెప్పు పట్టీ

జనవరి వచ్చిందంటే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు ఇటు దిగుతాయి. కాయ కోసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, తలకూ చెవులకూ గుడ్డ చుట్టుకుని పొద్దు పొడవకముందే చేలో ఉంటారు. చొక్కా కాయ ఘాటుకు, ఆకు దురదకు అడ్డమని వాళ్లు తొడుక్కుంటారు. అతినీలలోహిత కిరణాలకు కూడా అది చక్కటి అడ్డమే. 

మందు సంగతి వేరు. పత్తి, మిరప రెండూ మందు తాగే పంటలు. 1980ల చివర తెల్లదోమ ఉధృతికి కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టి, అప్పులపాలై ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు ఈ ప్రాంతం మరిచిపోలేదు. చర్మం వైపు నుంచి చూస్తే నన్ను ఎక్కువ భయపెట్టేది పురుగు మందు కాదు, గడ్డి మందు. పారాక్వాట్ అనే కలుపు మందు ఆకు మీద పడగానే అక్కడి ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఆక్సిజన్‌కు అంటగడుతుంది. సూపరాక్సైడ్ పుడుతుంది. మందు అణువు మళ్లీ మొదటి రూపానికి వచ్చి ఇంకో ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. కలుపు గంటల్లో మాడిపోవడం వెనకున్న రహస్యం అదే. ప్రయోగశాలల్లో కణాలకు ఆక్సీకరణ ఒత్తిడి కలిగించి డిస్మ్యుటేజ్ ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలంటే శాస్త్రవేత్తలు వాడేది కూడా ఈ పారాక్వాటే. చేతి మీద ఒలికితే చర్మం పుండవుతుంది, గోళ్ల రంగు మారుతుంది. నోట్లోకి పోతే విరుగుడు లేదు. అలాంటిదాన్ని కురచ చేతుల చొక్కాతో, వట్టి కాళ్లతో కొట్టడం మన చేలల్లో మామూలు దృశ్యం.

అలాగని పొలం మందుల వల్లే బొల్లి వస్తోందంటే అది అతిశయోక్తి. రసాయనాలు తగిలి తెల్లమచ్చలు పడిన 864 మందిని పరిశీలించి కోల్‌కతా వైద్యులు 2009లో ఒక నివేదిక ప్రచురించారు. అందులో మొదటి ముద్దాయి జుట్టుకు వేసే రంగు, 27 శాతం. అంటించే బొట్టుబిళ్ల 12 శాతం. రబ్బరు చెప్పులు 9 శాతానికి పైమాటే. పురుగుమందుల వాటా 2 శాతం కూడా లేదు. మనం భయపడేది డ్రమ్ములో కలిపే మందుకు, దెబ్బ తీసేది నుదుటి మీది జిగురు. బొట్టుబిళ్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ లాంటి పదార్థాల ఆకారం టైరొసిన్‌కు దగ్గరగా ఉంటుంది. టైరొసినేజ్ వాటిని ముడిసరుకే అనుకుని మింగుతుంది. బయటికి వచ్చేది రంగు కాదు, విషం. పక్కనున్న మామూలు చర్మకణాలకు ఏమీ కాదు, ఎందుకంటే వాటిలో టైరొసినేజ్ లేదు. రంగు తయారుచేయగల కణమే చస్తుంది.

ఈ సంగతి లోకానికి మొదట తెలిసింది 1939లో. అమెరికాలో ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు గ్లౌజులు తొడుక్కున్న కార్మికుల చేతులు తెల్లబడ్డాయి. ఆరా తీస్తే రబ్బరు పెళుసెక్కకుండా కలిపిన పదార్థం దొరికింది. దాని పేరు హైడ్రోక్వినోన్ మోనోబెంజైల్ ఈథర్. రబ్బరుకు అది యాంటీఆక్సిడెంట్. చర్మానికి శత్రువు. యాంటీఆక్సిడెంట్ అన్న అక్షరాలు డబ్బా మీద కనబడితే మంచిదేనని జేబులో చెయ్యి పెట్టేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. జపాన్‌లో 2013లో అంతకంటే పెద్ద ఎత్తున జరిగింది. కనెబో కంపెనీ ముఖం తెల్లబరుస్తుందని అమ్మిన క్రీముల్లోని రోడోడెండ్రాల్ వల్ల దాదాపు 20 వేల మందికి తెల్లమచ్చలు పడ్డాయి. కంపెనీ సరుకంతా వెనక్కి తీసుకుంది.

ఒరిపిడి కూడా కారణమే. బొల్లి వచ్చే స్వభావం ఉన్న ఒంటి మీద గీత పడినా, కాలినా, రోజూ ఒకేచోట రాసుకున్నా అక్కడ మచ్చ లేస్తుంది. పావడా బొందు బిగించి కట్టే నడుము, చెప్పు పట్టీ ఒరిసే పాదం, పత్తికాయ డిప్ప గీరే వేళ్ల కొసలు. బొందు స్థానంలో వెడల్పాటి పట్టీ కుట్టించుకోవడం లాంటి చిన్న మార్పు ఖరీదైన లేపనం కంటే మేలు చేసే సందర్భాలున్నాయి.

చేపలూ పాలూ

చేపల కూర తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఉండరు. అదే నిజమైతే చేపలను పాలమీగడలో వండుకునే దేశాలన్నీ ఈపాటికి తెల్లబడాలి. బొల్లి అంటుకోదు. కుష్ఠుకూ దీనికీ సంబంధం లేదు. కుష్ఠు మచ్చలో స్పర్శ పోతుంది, బొల్లి మచ్చలో పోదు. రంగు తప్ప ఆ చర్మంలో అన్నీ సవ్యంగానే ఉంటాయి. ఇంకో విచిత్రం, బొల్లి ఉన్నవాళ్లకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరుల కంటే తక్కువ. మెలనోసైట్లను వేటాడే టీ కణాలు క్యాన్సరుగా మారబోయేవాటినీ వదలకపోవడం దానికి కారణమని భావిస్తున్నారు.

ఇవన్నీ ప్రతి ఏటా జూన్ 25న జరిపే ప్రపంచ విటిలిగో దినం నాడు చెప్పే మాటలే. బొల్లితో బతికిన మైఖేల్ జాక్సన్ వర్ధంతి అది. అయినా సంబంధం కుదిరాక అమ్మాయి మోకాలి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉందని తెలిసి ఆగిపోయే పెళ్లిళ్లు ఆగడం లేదు. అదే మచ్చ అబ్బాయికి ఉంటే ఏ కాలిన మచ్చో అని సర్దుకుపోతారు.

బావంచాల నుంచి దీపం దాకా

మన పాత వైద్యంలో బొల్లికి చెప్పే మందు బావంచాలు. ఆ గింజల్లో సొరాలెన్లు ఉంటాయి. పూసుకుని ఎండలో నిలబడితే చర్మం అతినీలలోహిత కిరణాలకు ఎక్కువగా స్పందించి, మిగిలిన మెలనోసైట్లు కదులుతాయి. ఈజిప్టులో నైలు ఒడ్డున పెరిగే మరో మొక్కలోని ఇవే పదార్థాలను 1940ల్లో శుద్ధరూపంలో కైరో వైద్యుడు ఎల్ మోఫ్తీ వాడి చూపించాక ఆధునిక వైద్యమూ ఈ దారి పట్టింది. హైదరాబాద్ ఎర్రగడ్డలోని కేంద్ర ప్రభుత్వ యునాని పరిశోధన సంస్థకు బొల్లి చికిత్స కోసమే దశాబ్దాలుగా రోగులు వెళ్తుంటారు. యునానిలో దీని పేరు బరస్. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఎవరో చెప్పారని బావంచాల నూనె పూసుకుని పల్నాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడితే బొబ్బలెక్కుతుంది. ఆ బొబ్బే కొత్త మచ్చకు మొదలవుతుంది.

పెరాక్సైడ్ కథ విన్నాక ఎవరికైనా తట్టే ఆలోచన కెటలేజ్‌నే మందుగా ఇస్తే పోలేదా అని. ఎంజైమును మింగితే పొట్టలో పప్పులోని ప్రొటీనులాగే అరిగిపోతుంది. చర్మం మీద రాస్తే అంత పెద్ద అణువు లోపలికి దిగదు. షాల్‌రాయ్‌టర్ బృందం కెటలేజ్ పని చేసే చిన్న మాంగనీస్ సమ్మేళనాన్ని క్రీముగా తయారుచేసి మంచి ఫలితాలు ప్రకటించింది. ఇతర దేశాల్లో పోలిక పెట్టి చేసిన పరీక్షల్లో ఆ మేలు కనబడలేదు. చండీగఢ్ పీజీఐలో దవీందర్ పర్సాద్ బృందం 2003లో జింకో బిలోబా ఆకు సారంతో చేసిన చిన్న పరీక్షలో మచ్చలు వ్యాపించడం నెమ్మదించింది. యాంటీఆక్సిడెంట్ మాత్రలను వైద్యులు ఇప్పుడు ఎక్కువగా తోడుగా రాస్తున్నారు తప్ప వాటి మీదే భారం వేయడం లేదు. 2022 జులైలో అమెరికా అనుమతి పొందిన రక్సోలిటినిబ్ క్రీము పెరాక్సైడ్ జోలికి పోదు. టీ కణాలను రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్నే అడ్డుకుంటుంది.

ఇటు మచ్చ నల్లబడాలని ఒకరు తిరుగుతుంటే, అటు నలుపు పోవాలని ఇంకొకరు గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు చేయించుకుంటున్నారు. విజయవాడ, గుంటూరు క్లినిక్కుల బోర్డుల మీదికి కూడా ఎక్కిన ఈ గ్లూటాథయోన్ మరేదో కాదు, మూడో కావలివాడికి ఆయుధం అందించే పదార్థమే. కణాన్ని కాపాడటానికి ఉన్న సరుకును, ఆ కణం చేసిన పనిని చెరిపేయడానికి నరానికి ఎక్కించుకుంటున్నాం. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీములు తెల్లబడటానికి కొనుక్కుని ముఖం పలచబడి, ఎర్రబడి చర్మవైద్యుల దగ్గరికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ లేపనాలను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అమ్మకం ఎంత తగ్గిందో షాపుల ముందు ఒక సాయంత్రం నిలబడితే తెలుస్తుంది.

ఇప్పుడు ఎక్కువమందికి పనికొస్తున్న చికిత్స నారోబ్యాండ్ యూవీబీ. 311 నానోమీటర్ల దగ్గరి కాంతిని మాత్రమే ఇచ్చే దీపాల ముందు నిలబడటం. దీనికి ఆధారం వెంట్రుక కుదురు. పైచర్మంలో మెలనోసైట్లన్నీ పోయినా కుదుళ్లలో విత్తనంలాంటి కణాలు మిగిలి ఉంటాయి. కాంతి తగిలితే అవి పైకి పాకుతాయి. అందుకే రంగు తిరిగి వచ్చేటప్పుడు మచ్చ నడుమ వెంట్రుక చుట్టూ నల్ల చుక్కలుగా మొదలవుతుంది. మచ్చలో వెంట్రుకలు ఇంకా నల్లగా ఉంటే వైద్యుడు ఆశ పెట్టుకుంటాడు, అవీ తెల్లబడితే కాస్త తటపటాయిస్తాడు. వెంట్రుకలు లేని వేళ్ల కొసలు, పెదవులు మొండికేసేదీ ఇందుకే. కాయ కోసే, పత్తి తీసే చేతులకు మచ్చలు ముందు పడేది తరచూ ఆ వేళ్ల మీదే.

చిక్కేమిటంటే ఈ దీపం వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి కావాలి. ఇలాంటి దీపాలు ఉండేది గుంటూరు, ఒంగోలు లాంటి పెద్ద ఊళ్ల ఆసుపత్రుల్లో. దుర్గి నుంచో, యర్రగొండపాలెం నుంచో బయల్దేరిన కూలి మనిషికి దీపం ముందు నిలబడేది కొద్ది నిమిషాలు, పోయేది ఆ రోజు కూలి మొత్తం. కోతల కాలంలో వారానికి మూడు రోజుల కూలి వదులుకునేవాళ్లు ఎవరు? అందుకే చాలామంది రెండో నెలలోనే మానేస్తారు. చుక్కలు కనబడటం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. బ్రిటన్‌లో 517 మందితో జరిపిన హై లైట్ అనే పరీక్షలో రోగులకు చేతిలో పట్టే చిన్న దీపాలిచ్చి ఇంటికి పంపారు. స్టెరాయిడ్ లేపనంతో పాటు వాడినవాళ్లలో, లేపనం ఒక్కటే వాడినవాళ్ల కంటే మచ్చలు కొంత ఎక్కువగా తగ్గాయి. ఆపేశాక కొందరిలో తిరిగి వచ్చాయి కూడా. అలాంటి దీపాన్ని మండలానికొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్టి, వాడటం తెలిసిన నర్సును ఒకరిని కూర్చోబెట్టి, సాయంత్రం చేను దిగాక కూలీలు వచ్చే వేళకు తలుపు తీసి ఉంచితే, దారి ఖర్చులు లేకుండా చికిత్స చివరిదాకా సాగుతుంది.